సూతున్నర తేడా

మా ముందుగదిలో గోడకి ఒక చెక్క రాక్ ఉంది. టేకు పలక, అయిదు అరలు, ముందు పాత వాయిల్ చీరతో కుట్టిన తెర. వచ్చినవాళ్ళు "బాగుందే, ఎవరు చేశారు?" అని అడిగితే, ఇరవయ్యేళ్ళుగా నేను మంచినీళ్ళు తెచ్చే వంకతో లోపలికి పోతున్నాను. చేసింది నేనే. ఎందుకు లోపలికి పోతానో ఇన్నాళ్ళకి రాయాలనిపించింది. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. నేను చెప్పబోయే తప్పు అంతకంటే పెద్దది.

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. నాన్న రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో వడ్రంగి. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయారు. ఆయన బదులు నాకు అదే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. రంపం పట్టినవాడి కొడుకు రబ్బరు స్టాంపు పట్టాడని నాన్న తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ప్రేమే ఉండేది. అయినా నేను గోరంత మాటకి కొండంత ఉడుక్కునే రకం. ఏదో ఒక రోజు వీళ్ళకి నా చేతి పని చూపించాలని లోపల కుతకుతలాడేవాణ్ణి.

మా ఊరు శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాం, బడిలో హిందీ చదువుకున్నాం. నా ఈడు కాలనీ పిల్లలందరికీ తెలుగు నోటికి వచ్చుగాని కంటికి రాదు. ఊరి నుంచి ఉత్తరం వస్తే అమ్మ పైకి చదివేది, నేను వినేవాణ్ణి. అమ్మ చేతిరాత నాకు ముగ్గులాగా కనిపించేది. చూడ్డానికి బాగుండేది, అంతే.

రాక్ ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలంటే మా కాలనీ పద్ధతి ఒకటి చెప్పాలి. పద్ధతి అంటే మా అమ్మ పెట్టిందే. ఎవరింట్లోనైనా ఆయన రిటైరై గాని, బదిలీ అయి గాని క్వార్టరు ఖాళీ చేస్తున్నారంటే, సామాన్లు లారీకెక్కాక ఆ ఇంటావిడ చివరిసారి మా ఇంటికి వచ్చేది. పొయ్యి కూడా సర్దేసి ఉంటారు గనక టీ మా ఇంట్లోనే. టీ తాగాక అమ్మ టేప్ రికార్డర్ ముందు పెట్టేది. ఆవిడ ఒక పాట పాడి వెళ్ళాలి. మంగళహారతి, పెళ్ళిపాట, జోలపాట, పొలంలో పాడుకునేది, ఏదైనా సరే. "నాకు రాదమ్మా" అని ప్రతి ఆవిడా ముందు సిగ్గుపడేది. రెండో కప్పు టీకి పాడేది.

కొత్త క్యాసెట్లు కొనేది కాదు అమ్మ. పాత సినిమా క్యాసెట్లు ఇంటింటా అడిగి తెచ్చి, పైనున్న చిల్లుల్లో కాయితం ఉండ కుక్కి, వాటి మీదే ఎక్కించేది. ఒక్కొక్కరికి ఒక్కో క్యాసెట్. ఒక్క పాటకి అంత క్యాసెట్ ఎందుకమ్మా అంటే, "ఒకింట్లో రెండు కాపరాలు ఎడతామేట్రా?" అనేది. తర్వాత డబ్బాలోని సినిమా బొమ్మ కాయితాన్ని తిరగేసి, ఖాళీ వైపు సిరాతో నాలుగు లైన్లు రాసేది. ఆ నాలుగు లైన్లలో ఏముందో నేను ఎప్పుడూ అడగలేదు. క్యాసెట్ మీద మాత్రం పాత సినిమా పేరే ఉండేది.

మా రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఆ వానాకాలం మంచం కింద రేకు పెట్టెలో ఉన్న క్యాసెట్లకి తెల్లగా బూజు పట్టింది. డెబ్బై పైచిలుకు క్యాసెట్లు. అమ్మ గుడ్డ పెట్టి ఒక్కొక్కటే తుడుస్తూ, "గోడకి ఏదైనా పెట్టించాలిరా, గాలాడాలి" అంది. పక్క క్వార్టర్లో నాన్నతో పాటు పాతికేళ్ళు పనిచేసిన వడ్రంగి బాబాయ్ ఉన్నాడు. ఆయనకి చెబితే ఒక ఆదివారంలో అయిపోయేది. నేను చేస్తానన్నాను.

నాన్న ఎప్పుడో దాచుకున్న టేకు పలకలు నాలుగు గోడవారగా ఉండేవి. మంచి పలకలు. ఆయన వాటిని దేనికి దాచాడో ఎవరికీ చెప్పలేదు. నేను వాటిని తీశాను, ఆయన రంపం, ఉలి, చిత్రిక తీశాను. బాబాయ్ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూశాడు.

"బాబూ, ముందొక్క అర బిగించు. సామాను ఎట్టి సూసుకో. తరవాతే మిగతావి కొట్టు. మీ నాన్న అలగే సేసీవోడు."

"నాకు తెలుసు బాబాయ్" అన్నాను.

ఏం తెలుసు? నా బొంద. టేప్ రికార్డర్‌లో అప్పుడొక క్యాసెట్ ఉంది. బొత్తాం నొక్కి దాన్నే తీసి కొలిచాను. నిలువు నాలుగంగుళాలు. వేలికి సందు కావాలని ఒక సూత్ కలిపాను. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మా వర్క్‌షాపు వడ్రంగులు సూతుల్లోనే మాట్లాడతారు. ఆ మాట వాడినందుకే నాకు సగం వడ్రంగం వచ్చేసినట్టు అనిపించింది. నాలుగంగుళాల ఒక సూత్ అని ఫైలు అట్ట మీద రాసుకున్నాను. రెండు ఆదివారాలు కోశాను, చిత్రిక పట్టాను, గాడులు తీసి జిగురు పెట్టి మేకులు కొట్టాను. అందంగా ఉండాలని ప్రతి అరలో మూడంగుళాలకొక అడ్డుచెక్క పెట్టి గళ్ళు కూడా చేశాను. ఒక్క అర బిగించి చూసుకోవడం మాత్రం చెయ్యలేదు. బాబాయ్ చెప్పాడు గనకే చెయ్యలేదు.

గోడకి బిగించగానే అమ్మ కొత్త సామాను కదా అని పసుపు, బొట్టు పెట్టింది. కాసేపు దూరం నుంచి చూసింది. కళ్ళు తుడుచుకుని, "మీ నాన్న సెయ్యే వొచ్చిందిరా నీకు" అంది. రేపు సాయంత్రం చూడ్డానికి రమ్మని ఆడవాళ్ళకి చెప్పడానికి వీధిలోకి వెళ్ళింది.

అమ్మ అటు వెళ్ళాక రేకు పెట్టె లాగి మొదటి క్యాసెట్ తీశాను. డబ్బాతో సహా అరలో పెట్టబోయాను. పట్టలేదు. వంచి చూశాను, పట్టలేదు. పడుకోబెడితే అడ్డుచెక్క తగిలింది. అడ్డంగా లోపలికి తోస్తే అంగుళం పైన బయటికి పొడుచుకొచ్చింది. నేను కొలిచింది డబ్బా లేని క్యాసెట్‌ని. డబ్బాకి సూతున్నర ఎక్కువ కావాలి. ఇంట్లో ప్రతి క్యాసెట్టూ డబ్బాలోనే ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొలవడానికి మాత్రం నాకు ఆ ఒక్క బట్టల్లేని క్యాసెట్టే దొరికింది.

అదే సమయానికి బాబాయ్ లోపలికొచ్చాడు. పాతికేళ్ళు చెక్కతో బతికిన మనిషి. రాక్ వైపు చూశాడు, నా చేతిలో డబ్బా చూశాడు, అరలో వేలు పెట్టి చూశాడు. సంగతంతా ఆయనకి అర్థమైపోయింది. గొంతు తగ్గించి అన్నాడు, "జిగురు పచ్చిగానే ఉంది. ఇప్పుడే విప్పీద్దాం. నా దగ్గర పలక ముక్కలున్నాయి, రెండు గంటల పని. మీ అమ్మకి సెప్పక్కర్లేదులే."

ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు? నా పరువు కూడా ఆయనే కాపాడుతానంటున్నాడు. నేనేమన్నానో తెలుసా? "లేదు బాబాయ్, డబ్బాలు తీసెయ్యాలనే ఈ కొలత పెట్టాను. డబ్బాల్లో గాలాడకే బూజు పడుతోంది" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. బాబాయ్ నన్ను ఒక్క క్షణం చూసి "అలగా" అని వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ రాక్ మాట ఎత్తలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలతాయి.

మర్నాడు పొద్దున్నే, అమ్మ బజారుకెళ్ళిన సమయం చూసి, సైకిల్ మీద పాత సామాను కొనడానికి వచ్చిన కబాడీవాణ్ణి పిలిచాను. డబ్బాలన్నీ గోనెలో పోసి ఇచ్చాను. వాడు ఒకటి తెరిచి చూసి, "కాగజ్ నికాల్‌కే దో భయ్యా, ప్లాస్టిక్ అలగ్ జాతా హై" అన్నాడు. కాయితాలు వేరు చేసి ఇవ్వాలట. మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క డబ్బా తెరిచి కాయితం పైకి లాగాను. డెబ్బై పైచిలుకు కాయితాలు. ప్రతి దాని మీదా అమ్మ సిరా గీతలు. చేతిరాత కనిపిస్తూనే ఉంది. చదవలేను గనక అది నన్నేమీ అనలేదు. ఒకటి రెండు చోట్ల హిందీలో కూడా రాసి ఉంటే నా చెయ్యి ఆగేదేమో. ఆగేదని గట్టిగా మాత్రం చెప్పలేను. అమ్మ తిరిగొచ్చేలోపు పని అవ్వాలన్న తొందరే ఉంది నాకు. కాయితాలు కూడా వాడికే ఇచ్చేశాను.

అమ్మ వచ్చి చూసింది. క్యాసెట్లన్నీ అరల్లో నీట్‌గా నిలబడి ఉన్నాయి.

"డబ్బాలేవిరా?"

బూజు సంగతి చెప్పాను. ఆఫీసులో చదువుకున్నవాళ్ళు చెప్పారన్నాను.

"మరి కాయితాలో?"

"భద్రంగా కట్ట కట్టి అటక మీద పెట్టానమ్మా."

నమ్మింది. కొడుకు మాట గదా, నమ్మక ఏం చేస్తుంది? నమ్మడంతో ఆగినా బాగుండేది. సాయంత్రం వచ్చిన ఆడవాళ్ళందరికీ డబ్బాల్లో బూజు గురించి పాఠం చెప్పింది. నెల తిరక్కుండా మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు డబ్బాలు పారేశారు. "మీవాడి దయవల్ల మాకూ తెలిసింది" అని వాళ్ళు అమ్మతో అంటుంటే తేలు కుట్టిన దొంగలా నేను లోపల కూర్చునేవాణ్ణి. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము తిన్నగా టేపుల్లోకి పోవడం మొదలైంది. అమ్మ దాన్ని కూడా తప్పుపట్టలేదు. పాత చీర చింపి తెర కుట్టింది.

నిజానికి ఆ రోజుల్లో కాయితాలు లేని లోటు తెలియలేదు. అమ్మకి కాయితంతో పనిలేదు. సాయంత్రాలు చేతికందిన క్యాసెట్ పెట్టి, గొంతు సవరించుకోవడం వినపడగానే, "ఇది బావి ఎదురు క్వార్టరావిడరా, మందస పిల్ల" అనేది. ఇంకొకటి పెట్టి, "ఈవిడికి ఉప్పు ఎక్కువ" అని నవ్వేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. నా జేబులో ఆఫీసు కలం ఉండేది. హిందీలోనైనా ఆ పేర్లు క్యాసెట్ల మీద రాసెయ్యవచ్చు. రాస్తే, ఇప్పుడెందుకు రాస్తున్నావు, అటక మీద ఉన్నాయిగా అంటుందని భయం. పదేళ్ళు ఆ భయంతోనే గడిపాను.

తర్వాత అమ్మకి చెవులు మెల్లగా మందగించాయి. ముందు టీవీ గొంతు పెంచింది, తర్వాత ఫోను వద్దంది, తర్వాత క్యాసెట్లు పెట్టడం మానేసింది. మిషను కొనిస్తే చెవిలో తేనెటీగలు ఉన్నట్టుందని తీసి డబ్బాలో పడేసింది. ఎదురుగా నిలబడి అరిస్తేనే వినపడుతుంది. రాక్ దుమ్ము మాత్రం ప్రతి శుక్రవారం తుడుస్తూనే ఉంది.

అయిదారేళ్ళ క్రితం ఒక రోజు పొద్దున్న ఒకామె ఆటో దిగింది. ముప్పయ్యేళ్ళుంటాయి. పలాస నుంచి రాత్రంతా రైల్లో వచ్చిందట. తనకి నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న బదిలీ అయి కాలనీ విడిచి వెళ్ళారు. రెండు నెలల క్రితం వాళ్ళమ్మ పోయింది.

"ఫొటోలున్నాయి అన్నియ్యా, గొంతు నేదు. అప్పట్లో మాకు సెల్లుల్లేవు, తరవాత ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ దగ్గిర టేపులో ఒక పాట పాడీసి వచ్చానని అమ్మ సెప్పీది. అది ఇనాలని వచ్చాను" అంది.

నేను మంచినీళ్ళు తెచ్చే వంకతో లోపలికి పోయి వచ్చాను. అమ్మకి మాత్రం పండగ. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "నువ్వా! లారీ ఎక్కనని ఏడిసినావే!" అంది. వాళ్ళమ్మ పోయిందని అరిచి చెప్పాల్సివచ్చింది. అమ్మ ఆమె చెయ్యి వదలకుండా కూర్చుని, కాసేపటికి నా వైపు తిరిగింది.

"అటక మీద కాయితాలు తియ్యిరా. ఆల్లమ్మ పేరున్న కాయితం సూస్తే ఏ సినిమా క్యాసెట్టో తెలిసిపోద్ది."

చెబితే మీరు నమ్మరు. నేను స్టూలు వేసుకుని అటక ఎక్కాను. అక్కడ లేవని తెలిసి, లేని కట్ట కోసం అరగంట వెతికాను. చలికాలం దుప్పట్లు కదిపాను, ఇత్తడి గిన్నెలు కదిపాను, మీద దుమ్ము పోసుకున్నాను. కింద ఆ పిల్ల నేను పడిపోకుండా రెండు చేతులతో స్టూలు పట్టుకుని నిలబడింది. "జాగర్త అన్నియ్యా, నిదానంగా ఎతకండి" అంటోంది. జీవితంలో అంత సిగ్గుమాలిన అరగంట నాకు ఇంకొకటి లేదు.

దిగాను. "కనబడలేదు. ముందు విందాం పట్టు" అన్నాను. ఆఫీసు స్నేహితుడి దగ్గర పనిచేసే టేప్ రికార్డర్ ఉంటే తెచ్చి, మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటే పెట్టాం. కొన్ని దుమ్ముకి గురగురమని ఆగిపోయాయి. మిగతావాటిలో ఆడగొంతులు. సిగ్గు, దగ్గు, గాజుల చప్పుడు, మధ్యలో వర్క్‌షాపు సైరన్. నాకు వినపడుతున్నాయి, ఎవరివో తెలియదు. తెలిసిన మనిషి పక్కనే కూర్చుని మా మొహాలు చూస్తోంది, ఆమెకి వినపడదు. ఒక్కసారి టేప్ రికార్డర్‌కి చెవి ఆనించి చూసి తల అడ్డంగా ఊపింది.

"నాను బిస్కెట్టు కోసం ఏడుత్తుంటే అలగే పాడీసిందట" అని ఆ పిల్ల గుర్తుచేసుకుంది. పిల్లల ఏడుపు వినిపించినవి ఏడు క్యాసెట్లు తేలాయి. లారీ ఎక్కే రోజు ఏ ఇంట్లో పిల్లలు ఏడవరు? ఆ ఏడూ మళ్ళీ పెట్టింది. రెండోదానికి "ఇదే" అంది. అయిదోదానికి "కాదు, ఇదేమో" అంది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో మాట బొంగురుపోయి ఉండేదట, ఇందులో ఉన్నవన్నీ పడుచు గొంతులు. ఏడోది అయ్యేసరికి పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది.

అమ్మకి ఓపిక పోయింది. "ఆ కాయితాలు ఎక్కడ పడీసావురా? మళ్ళీ ఒకసారి సూడు" అంది.

ఎలకలు కొట్టేశాయమ్మా అన్నాను. మెల్లగానే అన్నాను. ఎలకల మీదికి తోసేద్దామని టేప్ రికార్డర్ తెచ్చే దారిలోనే అనుకున్నాను.

"ఏటీ?" అంది అమ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆ అబద్ధాన్ని ఆ పిల్ల ముందు గొంతెత్తి అరవాలి. నోరు తెరిచాను. ఎందుకో మరి, వచ్చింది అది కాదు.

"అటక మీద ఎప్పుడూ లేవమ్మా! కబాడీవాడికిచ్చేశాను!"

"ఏటి సేసావు?"

"కొలత తప్పాను! డబ్బాలు పట్టలేదు! నీకు తెలియకూడదని డబ్బాలూ కాయితాలూ కబాడీవాడికి ఇచ్చేశాను! బూజు మాట అబద్ధం!"

వీధంతా విన్నది. పక్క క్వార్టరు కిటికీ రెక్క తెరుచుకుంది. బాబాయ్ లేడు గాని ఆయన కోడలు ఉంది. పదిహేనేళ్ళు గుసగుసగా కూడా చెప్పలేనిది, చివరికి గొంతు చించుకుని చెప్పాల్సివచ్చింది.

అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి రాక్ దగ్గరికి వెళ్ళింది, అరలో వేలు పెట్టి సందు ఎంతో చూసింది. అప్పుడు బాబాయ్ చూసినట్టే.

"ఆ దినమే సెప్పీసుంటే మళ్ళీ రాసీదాన్ని కదరా" అంది. "అప్పుడు అందరి గొంతులూ నాకు తెల్సు."

అంతే అంది. లోపలికెళ్ళి ఆ పిల్లకి అన్నం వడ్డించింది.

ఇన్నేళ్ళూ నేను సూతున్నర గురించి సిగ్గుపడుతున్నాను. కాయితాలు పోయిన రోజు నుంచి అమ్మ చెవులు పోయేదాకా పదేళ్ళకి పైగా ఉంది. ఆ పదేళ్ళలో ఏ సాయంత్రం చెప్పినా ఒక వారంలో మళ్ళీ రాసేసేది. ఆ లెక్క నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ పిల్ల ఏడు పాటలనీ తన ఫోనులో ఎక్కించుకుంది. సాయంత్రం రైలుకి స్టేషన్‌లో దింపినప్పుడు నేను క్షమించమన్నాను. ఆమె నా వైపు చూడకుండా, "ఏడూ పెట్టుకుంటాను అన్నియ్యా. అందులో ఒకరు మా అమ్మే గదా" అంది.

ఆ వారమే అమ్మని అక్షరాలు నేర్పమన్నాను. పలక మీద మొదలుపెట్టాం, మా ఇద్దరి మధ్యా పాఠం మొత్తం అరుపులే. అఆలు వచ్చాక అమ్మ తనకి గుర్తున్న ఆడవాళ్ళ పేర్లు, ఊళ్ళు, క్వార్టరు నంబర్లు చెబుతుంటే నేను నోటుబుక్కులో రాశాను. యాభై మూడు పేర్లు వచ్చాయి. నోటుబుక్కు రాక్ పై అరలో ఉంది. కింద అరల్లో గొంతులున్నాయి. ఏ పేరుది ఏ గొంతో చెప్పగలిగిన మనిషి వంటింట్లో ఉంది, ఆమెకి వినపడదు.

ఈమధ్య ఆదివారాలు క్యాసెట్లు తీసి దుమ్ము తుడిచి, ఒక్కోదానికి తెల్ల కాయితం ముక్క అతికిస్తున్నాను. ఆ కాయితాల మీద మొదటి లైను ఏం రాసేదానివని అమ్మని అడిగితే చెప్పింది. నేనూ అదే రాస్తాను. "పాడినది" అని రాసి, పక్కన ఖాళీ వదులుతాను.